కుర్సీల బ్యాండు

బోధన్ బస్టాండు దగ్గర ఎవరినైనా ఆపి సువర్ణ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ సువర్ణ అని ఎదురడుగుతారు. బాజా సువర్ణ అంటే మాత్రం చేతిలోని చాయ్ గ్లాసు కూడా కింద పెట్టకుండా గడ్డం ఎత్తి దారి చూపిస్తారు. పట్టాలు దాటి, చర్చి వెనక రెండో గల్లీ. ఇప్పుడామెకు నలభై ఆరేళ్ళు. పొద్దున సర్కారు బడిలో నూట నలభై మంది పిల్లలకు అన్నం వండుతుంది. గంజులు తోమి బోర్లించి ఇంటికొచ్చాక చేతులు తుడుచుకుని, బిడ్డను కూచోబెట్టుకున్నట్టు యుఫోనియం ఒళ్ళో పెట్టుకుని ఊదుతుంది. పెండ్లి బ్యాండుల్లో అడుగున గంభీరంగా మోగే పెద్ద ఇత్తడి బాజా అది. ఆ చుట్టుపట్ల దాన్ని ఊదే ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఆమె తండ్రి ఏసుదానం సీయోను బ్యాండ్ సెట్టుకు మాస్టరు. తాత కూడా అంతే. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఇంకా పొగ వదులుతున్న రోజుల్లో, ఇటు వర్ని నుంచి అటు కోటగిరి దాకా ఏ పెండ్లి జరిగినా, ఎర్రకోట్లు తొడుక్కున్న ఇరవై రెండు మంది సీయోను బ్యాండువాళ్ళు ముందు నడవాల్సిందే. నడవడం, లేకపోతే నిలబడడం, ఈ రెండే వాళ్ళకు తెలుసు. ఎండలో పెండ్లికొడుకు గుర్రం ముందు నడవాలి. ఆ తర్వాత గేటు దగ్గర జనరేటరు పక్కన నిలబడాలి. సుట్టాలందరూ తిని లేచాక, చేతులు కడుక్కునే నల్లాల దగ్గర గోడకు ఆనుకుని, విస్తరి చేతిలో పట్టుకుని తినాలి. చిన్నప్పుడొకసారి ఇదంతా చూసిన సువర్ణ "మనకు కుర్సీలెయ్యరా బాపు?" అని అడిగింది.

"బాజలోల్లకు కుర్సీలేంది బిడ్డా?" అని ఏసుదానం నవ్వేశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చింతపండుతో బాజాలు తోమడం ఆమె పని. తోమినవాటిని మగవాళ్ళు లేనప్పుడు ఊదిచూడడం ఆమె సొంత పని. చిన్న బాజా కార్నెట్టు సన్నగా అరుస్తుందని దాన్ని పక్కన పెట్టేసింది. పెద్ద బాజా కడుపులోంచి మాట్లాడినట్టుంటుంది. అది పట్టుకుంది. చర్చి కీర్తనల పుస్తకంలో రాగాలకు రాసి ఉండే డో రే మీలు పాస్టరమ్మ దగ్గర నేర్చుకుంది. ఏసుదానం చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఇంట్లో ఊదితే ఊదనీ, గడప దాటకుంటే చాలనుకున్నాడు.

గడప దాటించింది ఒక గ్రామఫోన్ ప్లేటు.

ఆమెకు పందొమ్మిదేళ్ళప్పుడు చర్చి మైకు యాంప్లిఫయరు కాలిపోతే, దాన్ని సంచిలో వేసుకుని ముక్తార్ భాయ్ దుకాణానికి తీసుకెళ్ళింది. ముక్తార్ రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే మనిషి. చేతికి ఇచ్చిన ఏ వస్తువునైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, డాక్టరు లాగా. ఆ మధ్యే ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బువాళ్ళు పాత సామాను వదిలించుకుంటుంటే గ్రామఫోనొకటీ, దాంతోపాటు ఒక అట్టపెట్టె నిండా ప్లేట్లూ తెచ్చుకున్నాడు. సువర్ణ వెళ్ళేసరికి అందులోంచి ఒకటి పెట్టి సూదిని సరిచేస్తున్నాడు.

మొదట గరగర వినిపించింది. ఆ గరగరలోంచి ఒక్కసారిగా బాజాలు లేచాయి. కింద డోలు లేదు, తాళం లేదు, తొందర లేదు. అన్నీ ఒకే గొంతుతో, ఎవరి అనుమతీ అడగనట్టు, ఒక పాటను పైకెత్తాయి. తర్వాత అంతా అణిగిపోయి, నిండా చెరుకెత్తిన బండిని ఎడ్లు ఎత్తు మీదికి లాగుతున్నట్టు లావు తీగల వాయిద్యాలు మూలగడం మొదలుపెట్టాయి. మళ్ళీ బాజాలు. ఈసారి పెద్ద ఇత్తడి తాళాలు భళ్ళున పగిలాయి. సువర్ణ యాంప్లిఫయరు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద అలాగే ఉండిపోయింది. ఆ వైపు అయిపోయి సూది ఊరికే తిరుగుతున్నా లేవలేదు.

"భాయ్, ఎన్ని బాజాలు గవి?" అంది చివరికి.

ముక్తార్ ఆ ప్లేటు పెట్టె మీది ఇంగ్లీషును కూడబలుక్కుని చదివాడు. "ఎనిమిది, బేటీ. అందరు గలిసి నూరు మంది పైన్నే ఉన్నరు. రాసినోడు జర్మన్ దిక్కు ఉస్తాద్. పేరు నా నోటికి రాదు. నూరేండ్లయింది రాసి."

"ఏ పెండ్లికి వాయించిండ్రు?"

"పెండ్లి గాదు, ఏం గాదు. ఊకె వాయించుడే. టికెట్ దీసుకోని వస్తరంట. సప్పుడు జెయ్యకుంట గంటన్నర కూసోని ఇంటరంట."

"కూసోని ఇంటరు సరే. వాయించెటోల్లు?"

ముక్తార్ పెట్టె ఆమె ముందుకు తోశాడు. మూత లోపల ఒక ఫోటో ఉంది. పెద్ద హాలు. నల్లకోట్లు వేసుకున్న నూరు మంది. నూరు మందీ కుర్చీల్లో కూచుని ఉన్నారు. వెనక వరసలో బాజాలు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళలో, చివరి నుంచి రెండో మనిషి జుట్టు ముడి వేసుకున్న ఆడమనిషి. సువర్ణ ఆ ఫోటోను వెలుతురుకు పట్టుకుని చూసింది. దగ్గరికి పెట్టుకుని చూసింది.

"భాయ్, మల్లొక్కపారి పెట్టు" అంది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకు అక్కడే గడిచాయి. ఒక ముక్క వినడం, నోటుబుక్కులో డో రే మీ లెక్కన రాసుకోవడం, మళ్ళీ సూది ఎత్తి పెట్టమనడం. ప్లేటు అరిగిపోతుందని భయపడి ముక్తార్ దాన్ని క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చాడు. మొదటి పన్నెండు నిమిషాలు ఆమెకు కంఠతా వచ్చాక ఒకరోజు ఇంట్లో తండ్రికి ఊది వినిపించింది. ఏసుదానం బీడీ ఆర్పేసి మొత్తం విన్నాడు.

"పాట గట్టిదే" అన్నాడు. "గని గీ పాటకు ఎవడెగురుతడు? ఎగురకుంటె మనల్ని ఎవడు పిలుస్తడు?"

"ఎగురుడెందుకు బాపు? కూసోని ఇనాలె."

"ఇంటరు, ఇంటరు. నీ పెండ్లి నాడు ఇంటరు తియ్యి."

ఆమె పెండ్లి కన్నా ముందే కోటగిరి పెండ్లి వచ్చింది. యుఫోనియం ఊదే మనిషి దుబాయి పోయి రెండు రోజులే అయింది. ఇంకొకరు దొరకలేదు. సువర్ణ అడగలేదు, చెప్పలేదు. ఎర్రకోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, బాజా భుజానికి తగిలించుకుని వ్యాను ఎక్కి కూచుంది. ఏసుదానం దిగమనలేదు. కోటగిరిలో పెండ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఆమెను చూసి గుర్రాన్ని ఆపించాడు.

"ఆడదాన్ని తెచ్చిండ్రేందిరా? మా పెండ్లి నవ్వులపాలు జేస్తరా?"

ఏసుదానం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మనిషి తక్కువైండు దొరా. గీ ఒక్కపారికి..."

తండ్రి టోపీ తియ్యడం సువర్ణ చూసింది. ఆయన ఇంకో మాట అనేలోపు ఆమె బాజా ఎత్తి, లోపలున్న గాలంతా పెట్టి ఊదింది. గుర్రం రెండడుగులు పక్కకు దూకింది. పిల్లలు కేరింతలు కొట్టారు. మిగతా ఇరవై ఒక్క మందికీ ఇంక వెంట ఊదడం తప్ప దారి లేకపోయింది. ఆ రోజు నుంచి ఆమె బ్యాండులో మనిషి.

పెండ్లి తర్వాత కూడా మానలేదు. భర్త క్రాంతి కుమార్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "ఎంతన్న ఊదుకో. గని నా నైట్ డ్యూటీ ఉన్ననాడు పొద్దుగాల ఊదకు." కూతురు పుడితే శృతి అని పేరు పెట్టుకున్నారు.

బాజాలవాళ్ళకు ముసలితనం కాళ్ళతో రాదు, పండ్లతో వస్తుంది. ముందు పండ్లు రెండు ఊడగానే ఏసుదానం కార్నెట్టు నుంచి గాలి తప్ప మరేం రాలేదు. కట్టుడు పండ్లు పెట్టించుకున్నాడు. ఊదితే అవి బాజాలోకి జారేవి. ఒకరోజు ఆయన, పాట ఎత్తుకోమని మాస్టరు ఊదే తన విజిలు తెచ్చి సువర్ణ చేతిలో పెట్టాడు. క్లారినెట్ వాయించే పోశన్నకు ఇది నచ్చలేదు. ముప్పై ఏళ్ళు బ్యాండులో ఉన్నవాడు, తనకే వస్తుందనుకున్నాడు. ఆర్నెల్లు మొహం ముడుచుకుని వాయించాడు. అయినా అపస్వరం ఒక్కటీ వాయించలేదు. అందుకే సువర్ణకు అతనంటే గౌరవం.

అప్పటికే డీజే బాక్సులు వచ్చేశాయి. ఒక వ్యాను, ఇద్దరు మనుషులు, ఊరంతా అదిరే చప్పుడు. సీయోను బ్యాండు ఇరవై రెండు నుంచి పదహారుకు, పదహారు నుంచి పదకొండుకు వచ్చింది. పని లేని సాయంత్రాలు పెరిగాయి. ఆ సాయంత్రాల్లోనే సువర్ణ నోటుబుక్కు తీసింది.

నూరు మంది వాయించినదాన్ని పదకొండు మందికి పంచడం అంటే ఒక దుప్పటిని పదకొండు మందికి కప్పడం లాంటిది. ఎనిమిది బాజాల పాట తనకూ ఇద్దరు కార్నెట్లకూ. వయొలిన్లవన్నీ పోశన్న క్లారినెట్టుకు. లావు తీగల మూలుగు పెద్ద డోలు మీద చేత్తో రుద్దితే కొంత వచ్చింది. మొదటి నెల అందరూ తిట్టుకున్నారు. మూడో నెలలో ఒక సాయంత్రం, ఆ ఎత్తెక్కే చోటు సరిగ్గా కుదిరింది. పోశన్న క్లారినెట్ విప్పి తుడుస్తూ "రేపు గూడ వద్దాం" అన్నాడు.

నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్న శృతి సెలవులకు వచ్చి, అదే ముక్కను ఫోనులో వెతికి పెట్టింది. అందరూ చుట్టూ మూగి విన్నారు. ఏడో నిమిషంలో ఒక్కసారిగా అయోమయం. వాళ్ళు దూకే చోట ఫోను దూకలేదు. అక్కడ ఇంకో నాలుగు ఆవర్తాల పాట ఉంది. ముక్తార్ ప్లేటు మీద గీత ఉండి సూది అక్కడ గెంతేదనీ, తాము ఇన్నేళ్ళూ గెంతునే పాట అనుకుని నేర్చుకున్నామనీ అప్పుడు తెలిసింది. పోశన్న తల పట్టుకున్నాడు. శృతి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ నవ్వలేదు. నాలుగు రోజులు కూచుని ఆ నాలుగు ఆవర్తాలు రాసుకుని, మళ్ళీ మొదటి నుంచి అందరికీ నేర్పింది.

ప్లేటు పెట్టె మీది రాతంతా కూడా శృతే చదివి వినిపించింది. రాసినాయన ఎండాకాలం సెలవుల్లో ఒక చిన్న కొట్టంలో కూచుని రాశాడట. మొదటిసారి విన్నవాళ్ళలో కొందరు ఈలలు వేసి లేచిపోయారట. ఇంత పొడుగెందుకు, ఇంత చప్పుడెందుకు అన్నారట.

"మరి ఆయనేం జేసిండు?" అని సువర్ణ అడిగింది.

"ఇంకోటి రాసిండంట. గింతకంటె పొడుగ్గ" అంది శృతి.

ఆ వారమే సువర్ణ బ్యాండువాళ్ళందరినీ కూచోబెట్టి తన నిర్ణయం చెప్పింది. ఇక మీదట ఏ పెండ్లి ఒప్పుకున్నా ఒక మాట ముందే చెప్పాలి. ఎదురుకోలుకు నడుస్తాం, అడిగిన పాటలు వాయిస్తాం. కానీ ఒక్క పన్నెండు నిమిషాలు మాత్రం మాకు పదకొండు కుర్చీలు వెయ్యాలి. కూచుని ఈ పాట వాయిస్తాం. అప్పుడు ఎగరడాలు లేవు.

పోశన్న భగ్గుమన్నాడు. "ఉన్న పిలుపులే లేవు, కుర్సీలు గావాల్నా? నిలబడితె నీ ఊపిరి అందదా?"

"అందుతది అన్నా. నలభై ఏండ్లు మా బాపు నిలబడే ఊదిండు. ఒక్కడన్న ఆగి ఇన్నడా? నడిసేటోని పాట తొవ్వల పోయెటోడు ఇన్నట్టే ఇంటరు. కూసున్నోని పాటకు కూసుంటరు."

"కూసోకుంటె?"

"కూసోకుంటె పోనియ్. మనం మాత్రం కూసుంటం."

మాట బయటికి పోయింది. వచ్చిన పిలుపులు మూడు వెనక్కి పోయాయి. చౌరస్తాలో వాళ్ళకు కుర్సీల బ్యాండని పేరు పడింది. ఎర్రకోటు కనిపిస్తే చాలు, పాన్ డబ్బా దగ్గర ఎవడో ఒకడు "సోఫా తేవాల్నా?" అనేవాడు. సువర్ణ ఆగి, "తే, మోసుకొస్తవా?" అనేది. వాడే తల తిప్పుకునేవాడు.

మాఘమాసంలో వర్ని నుంచి ఒక రైతు ఫోన్ చేసి, కూతురి పెండ్లికి రమ్మన్నాడు. కుర్చీల సంగతి చెబితే "సరే తియ్యమ్మా" అన్నాడు. కాలవకింద నాట్లు పడుతున్న పొలాల మధ్య ఫంక్షన్ హాలు. పొద్దున ఎదురుకోలు బాగానే జరిగింది. లగ్గం అయింది. భోజనాలకు ముందు ఒక గంట ఖాళీ. సువర్ణ వెళ్ళి కుర్చీలు అడిగింది. పిల్ల తండ్రి అటూ ఇటూ చూసి, పెండ్లికొడుకు చిన్నాయన వైపు చెయ్యి చూపించాడు. ఆ చిన్నాయన డీజేను వెంట తెచ్చుకున్న మనిషి.

"మీ పనైపోయింది. జనరేటర్ కాడికి నడువుండ్రి. అప్పగింతలప్పుడు పిలుస్తం" అన్నాడు.

"కుర్సీలేస్తమన్నరు పటేలా. పన్నెండు నిమిషాలు."

"గవి సుట్టాల కుర్సీలు."

సువర్ణ హాలులోకి చూసింది. మొదటి రెండు వరసలు పెండ్లికొడుకు తరఫువాళ్ళకని వదిలేసి ఉన్నాయి. ఒక చివర మాత్రం పిల్ల నాయనమ్మ, శంకరమ్మ అనే ఎనభై ఏళ్ళ ముసలామె, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూచుని ఉంది. సువర్ణ వెనక్కి తిరిగి తన వాళ్ళను ఒక్కసారి చూసింది. నేరుగా నడిచి వెళ్ళి రెండో కుర్చీలో కూచుంది. బాజా ఒళ్ళో పెట్టుకుంది. ఎవరైనా వస్తారో రారో తెలియదు. పక్క కుర్చీ కిర్రుమంది. పోశన్న. తర్వాత ఒకరి వెనక ఒకరు పదకొండు మందీ కూచున్నారు.

"లేవుండ్రి! గా కుర్సీల్లకెల్లి లేవుండ్రి ముందు!" చిన్నాయన గొంతు హాలంతా మోగింది.

"మేం వాయించెటోల్లం. కూసోనే వాయిస్తం" అంది సువర్ణ. విజిలు వేసింది.

బాజాలు లేచాయి. ఒక్క అర నిమిషం హాలు నిజంగానే ఆగిపోయింది. వంటల దగ్గరివాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని తొంగిచూశారు. అప్పుడు చిన్నాయన డీజేకు సైగ చేశాడు. బాక్సులు గర్జించాయి. కుర్చీల కాళ్ళు వణికాయి. తను ఊదేది సువర్ణకే వినిపించలేదు. పక్కన పోశన్న వేళ్ళు కదలడం కనిపిస్తోంది, అంతే. మిగతావాళ్ళు ఆమె వైపు చూశారు. ఆపుదామా అని. ఆమె తల అడ్డంగా ఊపి, పాదంతో తాళం వేసింది. ఆ పాదాన్ని చూసుకుంటూ పదకొండు మంది, ఎవరికీ వినపడని పాటను ఎత్తెక్కించారు. తాళాలు భళ్ళుమన్నప్పుడు వాటి మెరుపు తప్ప మరేం తెలియలేదు. గెంతు పోయి కలిసిన ఆ నాలుగు ఆవర్తాలు కూడా వదలకుండా, చివరి స్వరం దాకా వాయించారు. అయ్యాక లేచి వ్యాను ఎక్కారు. భోజనానికి పిలిచినవాళ్ళు లేరు. పిలిచినా ఆగేవాళ్ళు కాదు.

దారిలో ఐదుగురు మానేస్తామన్నారు. పిల్లలున్నవాళ్ళు, అప్పగింతలకు ఊదకుండా వచ్చేసిన బ్యాండును ఇక ఎవరు పిలుస్తారన్నది వాళ్ళ భయం. ఇంటికొచ్చాక సువర్ణ బాజా మూలన పెట్టి, గోడకు ఆనుకుని చాలాసేపు కూచుంది. ఏసుదానం కట్టుడు పండ్లు తీసి గ్లాసులో వేస్తూ అడిగాడు.

"మొత్తం వాయించిండ్రా?"

"మొత్తం."

"ఎక్కడన్న తప్పిందా?"

"ఏమో బాపు. ఇనబడలే."

ఆయన బోసి నోటితోనే అన్నాడు. "నేనైతె ఆపేటోన్ని."

మర్నాడు ఆమె నోటుబుక్కు తీసి ఆరుగురికి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. తాళాలు కొట్టే మనిషి లేడు. క్రాంతి కుమార్ రెండు రోజులు చూసి, "మొత్తంల ఎన్ని దెబ్బలున్నయ్?" అని అడిగాడు. రెండే అని చెబితే, "రెండు దెబ్బలు నేను గొడ్త తియ్యి. ఇన్నేండ్లు ఇంజిన్ సప్పుడు ఇన్న, గామాత్రం లెక్క దెల్వదా?" అన్నాడు. అలా ఏడుగురయ్యారు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం గల్లీలోకి వర్ని ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ముందు ఒక కర్ర దిగింది, తర్వాత శంకరమ్మ దిగింది.

"బాజ బిడ్డవు నువ్వే గదా?" అంది, ఊపిరి తీసుకుని. "ఆ పొద్దు నీ పక్కనే కూసున్న. ఆ డబ్బల సప్పుడుల మీ బుగ్గలు గనవడ్డయ్ గని పాట ఇనరాలే. గంత సప్పుడుల గూడ ఆపకుంట ఊదిండ్రంటె గా పాటల ఏమున్నదో సూద్దామని ఒచ్చిన. ఇప్పుడు ఊదుండ్రి."

సువర్ణ గల్లీ చివరి దాకా పరుగెత్తి పోశన్నను కేకేసింది. ముక్తార్‌కు కబురు పంపింది. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. మనవరాలు లైబా చెయ్యి పట్టుకుని వచ్చి అరుగు మీద కూచున్నాడు. చర్చి వెనక నీడలో కుర్చీలు వేసుకుని వాయించారు. శంకరమ్మ కళ్ళు మూసుకోలేదు, తల ఊపలేదు. వడ్లు కొనడానికి వచ్చినవాడి తూకాన్ని చూస్తున్నట్టు కన్నార్పకుండా చూసింది. అయిపోయాక ముక్తార్ "కార్నెట్ జర ముందుగల వచ్చిండు" అన్నాడు. శంకరమ్మ అతనికేసి ఉరిమి చూసి సువర్ణతో అంది.

"నేను సచ్చిన్నాడు మీరు రావాలె. డప్పులుంటయ్, గవి ఉండనీ. మీకు ముందల కుర్సీలేపిస్త."

వారం తిరక్కముందే ఆమె పెద్దకొడుకు మోటారు సైకిలేసుకుని వచ్చాడు. పెండ్లిపిల్ల తండ్రి ఆయనే. ఆ రోజు కుర్చీల దగ్గర నోరు విప్పనిది కూడా ఆయనే.

"మా అవ్వకు పెద్దతనమైంది. ఏదో అంటది. మీరు రాకుండ్రి. నలుగుర్ల బాగుండది."

"మీ అవ్వ పిలిసింది పటేలా. వద్దని ఆమె చెప్తెనే ఆగుతం" అంది సువర్ణ. "మాటిచ్చి దప్పినోల్లం మేం గాదు."

ఆయన మొహం ఎర్రబడింది. బండి తిప్పుకున్నాడు. ఇంటికి పోయి ఏమన్నాడో గానీ, శంకరమ్మ చేసిన పని వర్ని అంతా చెప్పుకుంది. "సావు నాది. నా సావుకు ఎవలు రావాల్నో నేను జెప్పుత" అందట. మళ్ళీ, "అయినా సచ్చినంక నేను ఇంటనా పాడా? ఇప్పుడే పెట్టుండ్రి" అందట.

నాట్లు అయిపోయి ఊరికి కాస్త తీరిక దొరికిన శనివారం, పట్టపగలు, శంకరమ్మ ఇంటి వాకిట్లో ఏడు కుర్చీలు ఒక పక్క, నలభై కుర్చీలు ఎదురుగా వేశారు. ముసలామె కర్ర పట్టుకుని నిలబడి ఒక్కొక్కటీ ఎక్కడ వెయ్యాలో తనే చెప్పింది. పెద్దకొడుకే మోశాడు. జనం వచ్చారు, ఎక్కువమంది వింత చూద్దామని. సువర్ణ లేచి నిలబడింది. ఆమెకు ఉపన్యాసాలు రావు.

"గిది పన్నెండు నిమిషాలుంటది. పాటల మాటలుండయ్. ఎగిరేటిది గాదు. నచ్చకుంటె లేచిపోవచ్చు, మేం మాత్రం ఆపం" అని చెప్పి కూచుంది.

ఏడుగురే. ఎనిమిది బాజాల చోట ఒక యుఫోనియం, ఒక కార్నెట్టు. మొదటి పాట లేచినప్పుడు అది ప్లేటులో ఉన్నంత పెద్దగా లేదు. కానీ ఈసారి దానికి అడ్డం లేదు. వాకిలి దాటి, పక్కింటి రేకుల మీదుగా, కాలవ గట్టు దాకా పోయింది. అణిగే చోట అణిగింది. ఆ అణిగిన చోట ఎక్కడో బర్రె అరిచింది. ఎవరూ నవ్వలేదు. మధ్యలో ఐదారుగురు లేచిపోయారు. సువర్ణ కంటికి వాళ్ళూ కనిపించారు, కదలకుండా ఉన్నవాళ్ళూ కనిపించారు. క్రాంతి కుమార్ తాళాలు ఎత్తి పట్టుకుని, పెదవులతో లెక్కపెట్టుకుంటూ, సరిగ్గా తన చోట కొట్టాడు. ముందు వరసలో ఒకామె ఉలిక్కిపడి పక్కామె చెయ్యి పట్టుకుంది.

అయిపోయాక చప్పట్లు వెంటనే పడలేదు. అయిందో లేదో వాళ్ళకు తెలియలేదు. శంకరమ్మ కర్రతో నేల మీద కొట్టి, "ఇంకోపారి" అంది. లేచిపోయినవాళ్ళలో ఇద్దరు తిరిగి వచ్చి కూచున్నారు.

రెండోసారి ఇంకా బాగా కుదిరింది. పోశన్న ఆ మాట ఒప్పుకోడు. సాయంత్రం బోధన్ బస్సులో, పెద్ద డోలును టాపు మీదికి ఎక్కించమని కండక్టరు, లోపలే ఉంచుతామని వీళ్ళు తగువులాడుకుని, డోలును చివరి సీటులో కూచోబెట్టాక, పోశన్న మొదలుపెట్టాడు.

"మొదటిదే బాగుండె. రెండోపారి నువ్వు ఉరికిచ్చినవ్."

"ఉరికియ్యలే అన్నా. నువ్వు గుంజినవ్."

"నేనా? ముప్పై ఐదేండ్లు..."

"ముప్పై ఐదేండ్లు గాదు, రేపు నాలుగ్గంటలకు రా. ప్లేటు పెట్టి సూద్దాం ఎవరు గుంజిండ్రో" అంది సువర్ణ. కిటికీ తలుపు పైకెత్తి గాలికి మొహం పెట్టుకుంది. వెనక సీట్లోంచి క్రాంతి కుమార్, ఎవరూ అడగకుండానే, తన రెండు దెబ్బలూ సరైన చోటే పడ్డాయని అందరికీ చెబుతున్నాడు.